మీ చేనిలో పరిశోధన: విత్తుటకు ముందు ఒప్పందము, కోసిన తరువాత లెక్క

కోడుమూరు ప్రాంతమున హంద్రీ నదికి ఇరుప్రక్కల ఎర్రనేలలు, నల్లరేగడి నేలలు రెండును కలవు. ముంగారి వానకు పదును చిక్కినచో వేరుశనగ, ఆముదము, కంది, కొర్ర విత్తుదురు. హింగారికి రేగడిలో శనగ, జొన్న వేయుదురు. వాన ఒక్క పక్షము దినములు ఆలస్యమైనను, ఊడ దిగు సమయమున ముఖము చాటు చేసినను, సంవత్సరపు కష్టము కల్లములో తేలిపోవును. కనుక మెట్ట రైతు క్రొత్త విత్తనమును గాని, క్రొత్త ఎరువును గాని వెంటనే నమ్మడు. ఆ జాగ్రత్త మంచిదే. దానిని మొండితనమని ఎవరును అనరాదు.

అయినను ఏదో ఒక సంవత్సరము విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులో, విస్తరణ అధికారులో మీ ఊరికి వచ్చి, "ఒక అర ఎకరము ఇయ్యండి, ఈ రకమును మీ చేనిలోనే పరీక్షించి చూతము" అని అడుగుదురు. అప్పుడు మీరు ఏమి చేయవలెను? ఊరక తల ఊపి అర ఎకరము అప్పగించి, కోతకు వారు వచ్చినప్పుడు ప్రక్కన నిలబడి చూచుట సరికాదు. "మాకెందుకు" అని తలుపు వేసికొనుటయు సరికాదు. చేను మీది, కష్టము మీది, నష్టము వచ్చినచో మొదట తగులునది మీకే. కావున ఆ పరిశోధనను తలపెట్టుటలోను, దాని ఫలితమును తూచుటలోను మీకు సమాన భాగము ఉండవలెను. ఆ భాగమును ఎట్లు నిర్వహించవలెనో ఈ పాఠములో తెలిసికొందము.

పరిశోధన కేంద్రము నుండి రైతు చేనికి

మన ప్రాంతమునకు వ్యవసాయ పరిశోధన క్రొత్తది కాదు. నంద్యాల పరిశోధన కేంద్రము 1906లోనే ఏర్పడినది. 1930లలో మెట్ట సేద్యముపై ప్రత్యేక పరిశోధన దేశములో కొన్ని చోట్ల ప్రారంభమయినది. అందులో మనకు పొరుగున, అప్పటి మద్రాసు రాష్ట్రమునకు చెందిన బళ్ళారి జిల్లా హగరి ఒకటి. గట్లు వేయుట, లోతుగా దున్నుట, సాళ్ళ మధ్య ఎడము పెంచుట వంటి పద్ధతులను అచ్చట పరీక్షించిరి. ఆ పద్ధతులలో తప్పు లేదు. కాని వాటి వలన పెరిగిన దిగుబడి కొద్దిపాటిది. ఆ కొద్ది పెరుగుదల కొరకు పడవలసిన శ్రమను, పెట్టవలసిన ఖర్చును లెక్క చూచుకొని చాలమంది రైతులు వాటిని స్వీకరింపలేదు. రైతు ఆ లెక్కను ఇంటి వద్ద వేసికొనెను. శాస్త్రజ్ఞుడు కేంద్రములో వేసికొనెను. ఇద్దరును ఒక చోట కూర్చుండి వేసికొనలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఈ దూరమును తగ్గించుటకు అనేక యత్నములు జరిగినవి. 1952 అక్టోబరు 2న సమష్టి అభివృద్ధి పథకము ప్రారంభమయినది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడి, 1996 నుండి ఆచార్య ఎన్.జి. రంగా పేర నడచుచున్నది. 1974లో దేశములో మొదటి కృషి విజ్ఞాన కేంద్రము పుదుచ్చేరిలో వెలసినది. 1979లో ప్రయోగశాల నుండి పొలమునకు అను కార్యక్రమము వచ్చినది. ఇవన్నియు మంచివే. కాని వీటిలో ఎక్కువ భాగము, పైన కనుగొన్న దానిని క్రిందికి చేర్చుటకు ఉద్దేశింపబడినవి. రైతును అడిగి ప్రశ్నను నిర్ణయించు పద్ధతి ఆ తరువాతనే మెల్లగా బలపడినది.

మన జిల్లాలలో కనబడిన ఫలితము

రైతును కలుపుకొన్నచో ఏమి జరుగునో తెలిపెడి ఉదాహరణములు దూరమున లేవు.

మొదటిది వేరుశనగ. మనవారు బుడ్డలని పిలుచు ఈ పైరులో టి.యం.వి. 2 అను రకము 1940లో విడుదలయినది. ఎన్ని క్రొత్త రకములు వచ్చినను అనంతపురము రైతులు అరువది ఏండ్లు దానినే పట్టుకొని యుండిరి. 2002 తరువాత ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఉమ్మడి అనంతపురము జిల్లాలో కొన్ని రకములను రైతుల చేతికే ఇచ్చి, వారి చేలలో వారి పద్ధతిలోనే పండింపజేసి, వారినే తీర్పు చెప్పుమనిరి. రైతులు ఐ.సి.జి.వి. 91114 అను రకమును మెచ్చుకొనిరి. వారు చూచినది కాయల తూకము మాత్రమే కాదు. పైరు త్వరగా కోతకు వచ్చుట, నడుమ బెట్టకు తట్టుకొనుట, గింజ సమముగా ఉండుట, కట్టె పశువులకు మంచి మేత అగుట, ఇవన్నియు చూచిరి. పరిశోధన కేంద్రపు పుస్తకములో కట్టెకు ఎప్పుడో గాని గడి ఉండదు. రైతు ఇంట ఎండకాలములో ఎద్దును నిలబెట్టునది ఆ కట్టెయే.

రెండవది శనగ. కర్నూలు రేగడి నేలలలో ఒకప్పుడు అన్నిగెరి రకమే ఎక్కువ. 1999లో విడుదలయిన జె.జి. 11 దాని స్థానమును ఆక్రమించినది. 2007లో ప్రారంభమయిన ఒక పథకము క్రింద నంద్యాల కేంద్రము, ఇక్రిశాట్ కలిసి కర్నూలు, ప్రకాశము జిల్లాలలో రైతుల చేలలోనే శనగ రకములను పోల్చి చూచినవి. కూలీలు దొరకని కష్టము పెరిగిన కొలది యంత్రముతో కోయుటకు వీలగు రకము కావలెనను కోరిక బలపడినది. నిటారుగా, ఎత్తుగా పెరుగు ఎన్.బి.ఇ.జి. 47 అను శనగ రకము నంద్యాల కేంద్రములోనే రూపొందినది. పైరు ఎంత పండునన్నది ఒక ప్రశ్న. పండిన దానిని ఎవరు కోయుదురన్నది మరియొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్న చేని గట్టున పుట్టినది.

మూడవది నేల. 2002 నుండి కొన్ని సంవత్సరములు కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల గ్రామములలో రైతుల చేల మట్టిని పరీక్షింపగా, ఎక్కువ చేలలో గంధకము, జింకు, బోరాను తక్కువగా ఉన్నట్లు తేలినది. నత్రజని, భాస్వరము మాత్రమే వేయుచు వచ్చిన రైతులకు ఇది క్రొత్త సంగతి. తరువాత రైతులే తమ చేలలో ఒక ప్రక్క తమ పద్ధతి, రెండవ ప్రక్క ఈ లోపములను తీర్చిన పద్ధతి పెట్టి చూచి దిగుబడి పెరుగుటను కన్నులార చూచిరి. అప్పుడు వాడిన మోతాదు హెక్టారునకు జిప్సము 200 కిలోలు, జింకు సల్ఫేటు 50 కిలోలు, బోరాక్సు 5 కిలోలు. మన ఎకరపు లెక్కలో ఇవి సుమారు 80, 20, 2 కిలోలు. మీ చేనిలో ఈ లోపము ఉన్నదో లేదో మట్టి పరీక్ష చేయించిన గాని తెలియదు. కనుక పరీక్ష లేకుండ వీటిని కొని చల్లరాదు.

ప్రదర్శన వేరు, ప్రయోగము వేరు

మీ వద్దకు వచ్చిన వారిని మొట్టమొదట ఈ ప్రశ్న అడుగుడు: "ఇది ప్రదర్శనయా, ప్రయోగమా?"

ప్రదర్శన అనగా మంచిదని ఇదివరకే తేలిన పద్ధతిని పదిమందికి చూపుట. ప్రయోగము అనగా మంచిదో కాదో ఇంకను తెలియని దానిని పరీక్షించుట. ప్రదర్శనలో పైరు విఫలమయినచో చేసిన వారి లోపము వెదకవచ్చును. ప్రయోగములో విఫలము కూడ ఒక జవాబే. "ఈ రకము మీ ఎర్రనేలకు పనికిరాదు" అని రూఢిగా తేలినచో, చుట్టుప్రక్కల పది ఊళ్ళ రైతులు నష్టము తప్పించుకొందురు. ఆ మేలు చిన్నది కాదు. కాని ఆ మేలు కొరకు ఒక్క రైతు తన పంటను పోగొట్టుకొనరాదు. అందుకే ఇది ప్రయోగమని తెలిసినప్పుడు నష్టమును గూర్చిన మాట ముందే జరుగవలెను.

విత్తుటకు ముందు తేల్చుకొనవలసిన ఆరు విషయములు

1. ప్రశ్న. ఏమి తెలిసికొనుటకు ఈ ప్రయోగము? దానిని ఒక్క వాక్యములో చెప్పగలుగవలెను. "క్రొత్త పద్ధతి ఎట్లుండునో చూతము" అనుట ప్రశ్న కాదు. "ఎర్రనేలలో జూలై మాసములో విత్తిన వేరుశనగకు జింకు, బోరాను, గంధకము వేసినచో ఖర్చు పోను మిగులునా?" అనుట ప్రశ్న. మీ ఊరి పది మంది రైతులు రచ్చబండ వద్ద కూర్చుండి, గత మూడు సంవత్సరములలో పంట ఎక్కడ, ఎందుకు పోయినదో చెప్పుకొనినచో ఇట్టి ప్రశ్నలు నాలుగైదు తేలును. ఆ సమావేశమునకు స్త్రీలను కూడ పిలువుడు. కలుపు తీయునది, కాయ ఒలుచునది, పశువులకు మేత వేయునది వారు. ఏ రకములో కాయ ఊడి నేలలో మిగులునో, ఏ గింజ ఒలుచుటకు చేతులు నొచ్చునో వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. కౌలు రైతులను కూడ విడువరాదు. కౌలు చెల్లించువాని లెక్క భూమి గల వాని లెక్క వంటిది కాదు.

2. పోలిక. క్రొత్త పద్ధతి మడి ప్రక్కనే మీ సొంత పద్ధతి మడి ఉండి తీరవలెను. పోలిక మడి లేని ప్రయోగమునకు విలువ లేదు. వాన మంచిదయి పంట పండినచో, అది వాన గొప్పయా, విత్తనము గొప్పయా చెప్పలేము. రెండు మడులును ఒకే చేనిలో, ఒకే దినమున విత్తి, ఒకే విధముగా గుంటక తోలి, ఒకే దినమున కోయవలెను. పరీక్షించు అంశము ఒక్కటే తేడాగా ఉండవలెను. ఏ మడి ఏ ప్రక్కన ఉండవలెనో చీటీ వేసి నిర్ణయించుడు. లేనిచో తెలియకయే మంచి ప్రక్కను క్రొత్త దానికి ఇచ్చివేయుదుము. ఇది చిన్న పిల్లల ఆట కాదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రములో 1919లో చేరిన ఫిషర్ అను గణిత శాస్త్రజ్ఞుడు, మడులను చీటీ వేసినట్లు పంచుటయే న్యాయమయిన పరీక్షకు పునాది అని స్థాపించెను. నేడు లోకమంతట వ్యవసాయ పరిశోధన ఆ సూత్రము మీదనే నడచుచున్నది.

3. ఎవరి చేలు. తారురోడ్డు ప్రక్కన, బోరు ఉన్న పెద్ద రైతు చేనిలో మాత్రమే పెట్టిన ప్రయోగము ఆ చేనికే జవాబు చెప్పును. ఊరిలో ఎన్ని రకముల నేలలు, ఎన్ని రకముల రైతులు ఉన్నారో చూచి, మెరక చేను, పల్లపు చేను, ఎర్రనేల, రేగడి, సొంత భూమి, కౌలు భూమి అన్నిటి నుండి ఎంచుకొనవలెను. ఆఫ్రికాలోని మలావీ దేశములో 1990ల చివర ఒక చక్కని పద్ధతిని రూపొందించిరి. ఊరికి మధ్యలో ఒక చోట అన్ని రకములను కలిపి పెట్టిన మడిని తల్లి మడి అనిరి. చుట్టుప్రక్కల రైతులు ఒక్కొక్కరు తమకు నచ్చిన రెండు మూడింటిని మాత్రము తమ చేనిలో పెట్టుకొన్న మడులను పిల్ల మడులు అనిరి. తల్లి మడిని శాస్త్రజ్ఞుడు దగ్గర నుండి చూచుకొనును. పిల్ల మడి రైతు చేతిలో, రైతు పద్ధతిలో పెరుగును. రెండు జవాబులును కలిసినప్పుడే నమ్మకము కుదురును.

4. ఏమి కొలువవలెను. కాయ తూకము ఒక్కటియే చాలదు. కట్టె లేక చొప్ప తూకము, పైరు కాలము, విత్తనపు ఖర్చు, ఎరువు ఖర్చు, కూలి దినములు, అంగడిలో పలికిన ధర, తెగుళ్ళు, వీటిలో ఏవి వ్రాసికొనవలెనో ముందే నిర్ణయించుడు. కోత అయిన తరువాత "ఇది కూడ కొలిచి యుండవలసినది" అనుకొన్నచో ప్రయోజనము లేదు. జొన్నకు చొప్ప తూచని లెక్క సగము లెక్కయే.

5. నష్టము ఎవరిది. విత్తనము, ఎరువు ఎవరిత్తురు? అదనపు కూలి ఎవరు చెల్లింతురు? క్రొత్త మడిలో పంట పోలిక మడి కంటె తగ్గినచో ఆ తేడాను ఎవరు భరింతురు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేనిదే విత్తనము గొర్రులో పోయరాదు. వాన లేక రెండు మడులును ఎండినచో అది దైవాధీనము. క్రొత్త మడి ఒక్కటే పోయినచో అది ప్రయోగపు నష్టము. రెండింటిని వేరు చేసి చూచుకొనుడు. అప్పు తెచ్చి సేద్యము చేయు చిన్న రైతు, తన చేనిలో పదవ వంతుకు మించి ప్రయోగమునకు ఇయ్యకుండుట మంచిది.

6. హక్కు. ఫలితము ఎవరిది? కోత లెక్కల నకలు మీకు అందవలెను. మీ ఇంటి నాటు విత్తనమును పరిశోధన కొరకు తీసికొని పోవుచున్నచో, ఎంత తీసికొన్నది, దేనికి తీసికొన్నది వ్రాయించుకొనుడు. 2001లో చేసిన మొక్కల రకముల రక్షణ, రైతుల హక్కుల చట్టము ప్రకారము రైతు తాను పండించిన విత్తనమును దాచుకొనవచ్చును, విత్తుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, కంపెనీ పేర ముద్ర వేయనంత వరకు అమ్ముకొనవచ్చును. రైతులు కాపాడుచు వచ్చిన రకములను వారి పేర నమోదు చేయించుకొనుటకు కూడ ఆ చట్టములో వీలు కలదు.

ఈ ఆరు విషయములను ఒక తెల్ల కాగితము మీద వ్రాసి, ఇరువురును సంతకము చేసి, చెరియొక నకలు ఉంచుకొన్నచో చాలును. కాగితము అడిగినంత మాత్రమున మీరు అనుమానించినట్లు కాదు. మంచి శాస్త్రజ్ఞుడు ఆ కాగితమును చూచి సంతోషించును.

పైరు కాలములో

ఒక చిన్న నోటు పుస్తకము ఉంచుకొనుడు. విత్తిన తేదీ, మొలకెత్తిన తేదీ, పూత పట్టిన తేదీ, వాన పడిన దినములు, కలుపు తీసిన దినములు, ఎంతమంది కూలీలు, ఎంత ఖర్చు, ఇంతియే. బడిలో చదువు మీ పిల్లల చేత వ్రాయించినను సరిపోవును. ఊరికి ఒక వానమాపకము ఉన్నచో మరియు మంచిది. మండల కేంద్రములో నమోదయిన వాన మీ చేనిలో పడినదను నమ్మకము లేదు. మన ప్రాంతమున ఒక వాగుకు ఈవల కురిసి ఆవల కురియని వానలు ఎన్నియో మీకు తెలియును.

పూత సమయమున ఒకసారి, కోతకు ముందు ఒకసారి ప్రయోగములో చేరిన రైతులందరును ఒకరి చేను ఒకరు చూడవలెను. చేరని రైతులను కూడ పిలువుడు. నడుమ పైరు బాగుగా కనబడి కోతలో తేలిపోవు రకములు కలవు. నడుమ సన్నగా కనబడి కల్లములో బరువు తూగు రకములు కూడ కలవు. కన్ను చూచినది వ్రాయుడు, తీర్పు మాత్రము తూకము దాక ఆపుడు.

కోత నాడు

మొత్తము మడిని కోసి తూచుట అన్నిటి కంటె మేలు. అది వీలు కానిచో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చదరమును కొలిచి, అందులోని పైరును మాత్రము కోయవలెను. పంటల బీమా కొరకు కోత ప్రయోగములు చేయు అధికారులు కూడ అనేక పైరులకు ఈ కొలతనే వాడుదురు. చేని అంచున రెండు మూడు సాళ్ళు విడిచి లోపలికి పోవలెను. అంచున పైరుకు వెలుతురు, చోటు ఎక్కువ, అందుచేత అది తప్పు లెక్క చూపును. చదరము ఎక్కడ పడవలెనో ముందే చీటీ వేసి నిర్ణయించుడు. మంచి గుబురు కనబడిన చోట కర్ర పాతరాదు.

ఈ చదరము 25 చదరపు మీటర్లు. ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు. కావున చదరములో వచ్చిన తూకమును 162తో గుణించినచో ఎకరపు దిగుబడి తేలును. చదరములో 3 కిలోలు వచ్చినచో ఎకరమునకు 486 కిలోలన్నమాట. పచ్చికాయలను తూచి ఊరకొనరాదు. వాటిలో నుండి ఒక కిలో వేరుగా తీసి, చేతితో ఊపిన గింజ గలగలమను వరకు ఎండబెట్టి, మరల తూచుడు. కిలో 650 గ్రాములయినచో మొత్తము పచ్చి తూకమును ఆ ప్రకారమే తగ్గించుకొనుడు. తూకము మీ కన్నుల ఎదుటనే, మీ ఊరి ఇద్దరు రైతుల సమక్షమున జరుగవలెను.

సగటు వెనుక ఉన్న రైతు

ఇప్పుడు లెక్కకు వత్తము. లెక్క ఎట్లు వేయవలెనో చూపుటకు మాత్రమే ఈ అంకెలను తీసికొన్నాము, ఇవి ఏ ప్రయోగపు ఫలితములును కావు. మూడు చేలలో వేరుశనగ ప్రయోగము జరిగినదనుకొందము. ఎండిన కాయ, చదరమునకు, సొంత పద్ధతిలో 3.0, 2.6, 3.4 కిలోలు వచ్చినవి. క్రొత్త పద్ధతిలో 3.6, 2.5, 4.1 కిలోలు వచ్చినవి. సగటున సొంత పద్ధతి 3.0, క్రొత్త పద్ధతి 3.4. తేడా 0.4 కిలో, ఎకరమునకు సుమారు 65 కిలోలు. కిలో 60 రూపాయల చొప్పున 3,900 రూపాయలు. క్రొత్త పద్ధతికి అదనపు ఖర్చు, కూలితో కలిపి, 3,000 రూపాయలు. మిగులు 900 రూపాయలు. ఇంత వరకు చూచి "లాభమే" అని వ్రాయవచ్చును.

కాని ఒక్కొక్క రైతును విడివిడిగా చూడుడు. మొదటి రైతుకు ఎకరమునకు సుమారు 2,800 రూపాయలు మిగిలినవి. మూడవ రైతుకు సుమారు 3,800 మిగిలినవి. రెండవ రైతుకు దిగుబడి తగ్గినది, ఖర్చు మాత్రము పెరిగినది, అతడు దాదాపు 4,000 రూపాయలు పోగొట్టుకొనెను. సగటు అను తెర వెనుక అతడు కనబడకుండ పోయెను. ముగ్గురిలో ఒకనికి నష్టము తెచ్చు పద్ధతిని ఊరందరికి చెప్పుటకు ముందు, అతని చేనిలో ఏమి తేడాయో కనుగొనవలెను. నేల పలుచనయా? విత్తుట ఆలస్యమయినదా? ఆ వాన అతని చేనిలో పడలేదా? ఆ జవాబు దొరికినచో, "ఈ పద్ధతి లోతు నేలలకు మంచిది, పలుచని గరుసు నేలలకు వద్దు" అని చెప్పగలము. రైతుకు పనికివచ్చు సలహా అట్టిది. సగటు అంకె ఒక్కటే సలహా కానేరదు.

మరియొక మాట. ఒక్క సంవత్సరపు ఫలితముతో తీర్పు చెప్పరాదు. 2002వ సంవత్సరము వంటి కరవులో గెలిచిన రకము, మంచి వానల సంవత్సరములో ఓడవచ్చును. కనీసము మూడు ముంగారులు చూడవలెను. అందులో ఒకటి చెడ్డ సంవత్సరము అయినచో ప్రయోగము మరింత విలువ గలది అగును. మెట్ట రైతుకు కావలసినది మంచి సంవత్సరములో అందరి కంటె ఎక్కువ పండు రకము మాత్రమే కాదు, చెడ్డ సంవత్సరములో విత్తనపు ఖర్చయినను తిరిగి ఇచ్చు రకము.

తీర్పు సభ

తూకములు పూర్తి అయిన తరువాత ఒక మాసము లోపల శాస్త్రజ్ఞులు ఊరికి రావలెను. అంకెలను పెద్ద అక్షరములతో గోడ మీద వ్రాసి చూపవలెను. చదువు రాని వారికి చదివి వినిపించవలెను. రైతులు మూడు మాటలలో ఒక దానిని చెప్పవలెను: "కొనసాగింతము", "ఇంకొక సంవత్సరము చూతము", "వద్దు". గింజలతో ఓట్లు వేయించుట తేలిక పద్ధతి. ఒక్కొక్క రకము ముందు ఒక్కొక్క డబ్బా పెట్టి, స్త్రీలకు ఒక గింజ, పురుషులకు వేరొక గింజ ఇచ్చినచో, ఎవరు దేనిని మెచ్చిరో వెంటనే తెలియును. స్త్రీల డబ్బా, పురుషుల డబ్బా వేరు వేరు మాటలు చెప్పినచో వాదింపకుడు, కారణము అడుగుడు.

అదే సభలో పైరును మాత్రమే కాక, పరిశోధన నడచిన తీరును కూడ తూచవలెను. ఈ ప్రశ్నలు అడుగుకొనుడు: ప్రశ్న మనము అడిగినదేనా? ఒప్పుకొన్న ప్రకారము విత్తనము పదునుకు ముందే చేరినదా? శాస్త్రజ్ఞులు ఎన్నిసార్లు వచ్చిరి? నష్టపడిన వానికి ఒప్పందము ప్రకారము అందినదా? చిన్న రైతు, కౌలు రైతు చేలు ఇందులో ఉన్నవా? లెక్కల నకలు అందినదా? వచ్చు సంవత్సరము మరల చేయుదుమా? ఈ చివరి ప్రశ్నకు రైతులు "చేయుదుము" అన్నచో ఆ పరిశోధన సగము గెలిచినట్లే. "వద్దు" అన్నచో, పైరు ఎంత పండినను, భాగస్వామ్యము ఎండినట్లు.

ఎవరిని అడుగవలెను

పరిశోధకులు మీ వద్దకు వచ్చు వరకు ఆగ నవసరము లేదు. మీ ప్రశ్నను మీరే తీసికొని పోవచ్చును. ఊరి రైతు సేవా కేంద్రములోని వ్యవసాయ సహాయకునికి మొదట చెప్పుడు. విశ్వవిద్యాలయపు ఏరువాక కేంద్రములు, ఎమ్మిగనూరు మండలములోని బనవాసి కృషి విజ్ఞాన కేంద్రము, నంద్యాల ప్రాంతీయ పరిశోధన కేంద్రము మీ ప్రశ్నలు వినుటకే ఉన్నవి. ముంగారికి, హింగారికి ముందు పరిశోధన, విస్తరణ సలహా సమావేశములు జరుగును. వచ్చు పంట కాలమున ఏ ప్రయోగములు పెట్టవలెనో అచ్చట చర్చింతురు. ఒక్క రైతు నోట వచ్చిన మాట మరచిపోవచ్చును. పది మంది రైతులు సంతకము చేసిన ఒక్క ప్రశ్న, దానితో కూడ మూడు సంవత్సరముల నోటు పుస్తకము లెక్కలు, వీటిని ప్రక్కన పెట్టుట ఎవరికిని సులభము కాదు.

రైతు సోదరులారా, సోదరీమణులారా! కోర్టులో సాక్షి చెప్పిన దానినే న్యాయాధిపతి వ్రాయును. పరిశోధనలో మీ చేను సాక్షి. ఆ సాక్షి చేత నిజము చెప్పించుటకు సరియైన ప్రశ్న, న్యాయమయిన పోలిక, కన్నుల ఎదుటి తూకము, దాపరికము లేని లెక్క కావలెను. ఈ నాలుగును ఉన్న అర ఎకరము, ఊరందరికి దారి చూపును. ఇవి లేని పది ఎకరములు ఒక్క ఫోటోకు మాత్రమే పనికి వచ్చును. వచ్చు ఏరువాక లోపల మీ ఊరి ప్రశ్న ఏదో నిర్ణయించుకొనుడు.

పాఠము చదివిన తరువాత మీ రైతు సంఘములో చర్చించుటకు ప్రశ్నలు

1. గత మూడు సంవత్సరములలో మన ఊరి పంట ఏ దశలో ఎక్కువగా దెబ్బ తిన్నది? దానికి కారణము తెలియునా, ఊహయా?

2. మన ఊరిలో ఇదివరకు పెట్టిన మడులలో ఏవి ప్రదర్శనలు, ఏవి ప్రయోగములు? వాటి ప్రక్కన పోలిక మడి ఉండెనా?

3. ఆ మడులలో వచ్చిన తూకములు మనలో ఎవరి వద్దనయినను వ్రాసి ఉన్నవా?

4. వచ్చు ముంగారికి ఒక్క ప్రశ్ననే అడుగవలసి వచ్చినచో, మన ప్రశ్న ఏది? దానికి ఏ నాలుగు చేలు ఇయ్యవలెను?

5. ఆ ప్రయోగములో పంట తగ్గిన రైతుకు మనము, వారు కలిసి ఏమి చేయవలెను?